మొదటి చెంచా

నా ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద తప్పు నేను నోరు విప్పకుండానే చేశాను. ఒకమ్మాయి నా వైపు చూసింది, నేను తల ఊపాను, ఆమె తిన్నది. ఆ తర్వాతి పావుగంట గురించి రాయడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

దుబాయ్‌లో నన్నందరూ రాజన్న అంటారు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి డ్రైవర్ వీసా మీద వచ్చాను. ఒక ట్రావెల్ ఆఫీసులో వ్యాను నడుపుతూ, వెనక కూర్చున్నవాళ్ల ప్రశ్నలకు జవాబులు చెప్పీ చెప్పీ చివరికి అదే ఆఫీసులో టూర్ మేనేజరయ్యాను. ఇక్కడ పనిచేసే మనవాళ్లను గుంపుగా థాయ్‌లాండ్ తీసుకెళ్లి, క్షేమంగా వెనక్కి తేవడం నా పని. పోయిన నెల రిటైరయ్యాను. నా స్థానంలో కొత్తగా చేరిన ఇద్దరు బ్యాంకాక్‌లో ఏం చూపించాలి, పుకెట్‌లో ఎక్కడ దింపాలి అని రోజూ ఫోన్ చేస్తున్నారు. నాయనలారా, అవన్నీ మీ చేతిలో ఉన్న ఆ ఫోన్‌లోనే దొరుకుతాయి. మనిషి నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అందులో దొరకదు. దాన్ని బయటికి లాగడమే ఈ ఉద్యోగం, మిగతాదంతా టికెట్ల పని.

విమానాలు ఆగినప్పుడు

2020లో విమానాలు ఆగిపోయాయి. తొమ్మిదిమంది ఉన్న మా ఆఫీసులో ముగ్గురం మిగిలాం. నా గది దుబాయ్‌లోని సత్వా పేటలో, కింద ఒక చిన్న థాయ్ హోటల్. అక్కడ కూర్చుని తినడం బందైంది, పార్సిళ్లు మాత్రం ఇచ్చేవాళ్లు. వంట చేసే ఆవిడ పేరు లెక్. సత్వాలో పధ్నాలుగేళ్లుగా ఉంటోంది, మన క్యాంపు హిందీ నాకన్నా బాగా మాట్లాడుతుంది. నేను లెక్ అక్క అనేవాణ్ని. ఆమె సహాయకురాలు ఊరికెళ్లి అక్కడే చిక్కుకుపోయింది. గదిలో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కేలా ఉండి, నేను వెళ్లి ఉల్లిగడ్డలు తరుగుతానన్నాను.

అప్పటికి పదకొండు సార్లు థాయ్‌లాండ్ వెళ్లొచ్చినవాణ్ని. అయినా అన్నం పళ్లెం ముందు కూర్చుని చాప్‌స్టిక్స్ అడిగిన మొనగాణ్ని నేను. లెక్ అక్క చాలాసేపు నవ్వింది. అన్నాన్ని చెంచాతో తింటారట, కుడి చేత్తో. ఎడమ చేతిలో ఫోర్కు ఉంటుంది, దాంతో అన్నాన్ని చెంచాలోకి నెడతారు, అది నోటిదాకా వెళ్లదు. కూరలన్నీ అందరి మధ్యలో పెడతారు. మనం పెళ్లిలో చేసినట్టు అన్నీ ఒకేసారి గుట్టగా వడ్డించుకోకూడదు, ఒక్కో కూర ఒకటి రెండు చెంచాలు, అయ్యాక ఇంకోటి. బల్ల దగ్గర పెద్దవాళ్లుంటే మంచి ముక్క తీసి చిన్నవాళ్ల పళ్లెంలో పెడతారు. అది ప్రేమ. కాదనకుండా తినాలి.

ఇంకో సంగతి కూడా చెప్పింది, దాన్ని నేను అప్పుడు సగమే విన్నాను. వాళ్లలో ‘క్రెంగ్ జై’ అని ఒకటుంది. ఎదుటివాళ్లకు ఇబ్బంది కలుగుతుందేమోనని మన మాట మనం మింగడం. పెద్దవాళ్లు అడిగితే కాదు అనరు, కుదరదు అనరు, నవ్వి తల వంచుతారు. మాకూ ఉందక్కా, మొహమాటం అంటాం అన్నాను. అయితే మీరు మా చుట్టాలే అంది. ఆ మాటకు ఇద్దరం సంబరపడ్డాం. రెండు మొహమాటాలు ఒకేచోట కలిస్తే ఏమవుతుందో ఆలోచించాల్సింది అప్పుడే.

భిక్షువు కాళ్లకు మొక్కిన పెద్దమ్మ

టూర్లు మళ్లీ మొదలయ్యాక వెళ్లిన మొదటి గుంపులో వరంగల్ వైపు పెద్దమ్మ ఒకావిడ ఉంది, షార్జాలో కొడుకు దగ్గరికి వచ్చింది. విమానం ఎక్కకముందే అందరికీ జాగ్రత్తలన్నీ చెప్పాను. గుడికి పొట్టి లాగులతో రావొద్దు, చెప్పులు బయట విప్పాలి, విగ్రహం వైపు కాళ్లు చాపొద్దు, ముద్దొచ్చినా పిల్లల తల నిమరొద్దు. అందరూ తు.చ. తప్పకుండా పాటించారు.

గుడిలోకి అడుగు పెట్టగానే పెద్దమ్మ నేరుగా నడిచివెళ్లి ఒక బౌద్ధ భిక్షువు పాదాలు పట్టుకోబోయింది. ఆడవాళ్లు భిక్షువును ముట్టుకోకూడదు, ఆయన వ్రతానికి భంగం. ఆయన పాపం గబగబా వెనక్కి జరిగి స్తంభానికి తగిలాడు. చుట్టూ ఉన్నవాళ్లు చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దమ్మకు ఏం తప్పు జరిగిందో తెలియక, దేవుడే తనను వద్దన్నాడనుకుని సాయంత్రం దాకా ఏడ్చింది.

తప్పు నాది. మనవాళ్లు అమర్యాదగా చేసే పనులన్నీ ఏరి ఏరి చెప్పాను, భక్తితో చేసే పని ఒక్కటీ నా జాబితాలో లేదు. పరాయి దేశంలో మనవాళ్లను ఎక్కువగా ఇరికించేది వాళ్ల చెడ్డ అలవాట్లు కాదు, ఇంట్లో నేర్పిన మంచి అలవాట్లు. ఇది నేర్చుకున్నాననే అనుకున్నాను. నేర్చుకోలేదని ఆరు నెలల్లోనే తెలిసింది.

మెట్ల మీద మాట

మా ముదీర్, ఇక్కడ ఆఫీసు పెద్దను అలాగే అంటారు, విజయవాడ మనిషి. పని తెలిసినవాడు, కష్టంలో జీతం ఆపినవాడు కాదు. కానీ ఏం జరిగినా ఆయన కళ్లముందు మొదట ఆఫీసు బోర్డు కనిపిస్తుంది, తర్వాతే మనిషి. వ్యాపారం పుంజుకోవడానికి ఆయనకో ఆలోచన వచ్చింది. ప్రయాణానికి మూడు రోజుల ముందు గుంపునంతా లెక్ అక్క హోటల్ పైగదిలో కూర్చోబెట్టి థాయ్ భోజనం పెట్టాలి, నేను పక్కన నిలబడి మర్యాదలు నేర్పాలి. జనానికి బాగా నచ్చింది.

ఒక చలికాలం శనివారం మధ్యాహ్నం పద్దెనిమిదిమంది వచ్చారు. వాళ్లలో నెల్లూరు వైపు కుటుంబం ఒకటి. బాషా షార్జాలో కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్. రేష్మా అతని భార్య, పెళ్లయి ఎనిమిది నెలలు. మూడో మనిషి బాషా అక్క, ఆమెను వాళ్లు ఆపా అంటారు. తల్లి పోయాక తమ్ముణ్ని పెంచింది, పెళ్లి కుదిర్చింది ఆమే. విజిట్ వీసా మీద చూడ్డానికొస్తే, అక్కను కూడా తీసుకెళ్దామని బాషా మూడు టికెట్లు తీసుకున్నాడు.

అందరూ పైకి ఎక్కుతుంటే రేష్మా చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు మెట్ల మీద ఆగింది. వెనక నేనొక్కణ్నే ఉన్నాను.

“అన్నా, నాకు రొయ్యలు సరిపడవు. చిన్నప్పుడొకసారి గొంతంతా వాచి ఊపిరాడక ఆస్పత్రిలో ఉండా. మా ఆపాకి తెలీదు. నువ్వే కాస్త చూసుకోవాల.”

ఇంకా రెండు మాటల్లో మిగతాది చెప్పింది. అత్తింటివాళ్లకు సముద్రం పక్కన రొయ్యల చెరువులున్నాయి. సంబంధం మాట్లాడేటప్పుడు, రొయ్యల ఇంటికి పోతూ రొయ్యలు పడవంటే పిల్లకేదో రోగముందంటారని వాళ్లమ్మ నోరు మూయించింది. పెళ్లయ్యాక భర్తకు చెప్పింది. అక్కకు తర్వాత నిదానంగా చెబుదాంలే అన్నాడట అతను.

నేనేం భయం లేదమ్మా అన్నాను. అది ఈ వృత్తిలో మనం వాడే మాటల్లో అన్నిటికన్నా ప్రమాదమైనది, కానీ అలవాటుగా వచ్చేసింది.

వంటగదిలోకి వెళ్లాను. లెక్ అక్క నాలుగు పొయ్యిల మధ్య నిలబడి ఉంది. ముదీర్ గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. రేష్మా వాళ్లది కిటికీ పక్క బల్ల. దానికి రొయ్యలు వద్దక్కా అని మాత్రం చెప్పాను. ఎందుకు వద్దో చెప్పలేదు. ఆ అమ్మాయి రహస్యం నా దగ్గర పెట్టుకుంది కదా, వంటగదిలో పదిమంది ముందు ఎలా చెప్పడం అనుకున్నాను. ఒక్క నిమిషం పక్కకు పిలిచి చెవిలో చెప్పొచ్చని తోచలేదు.

లెక్ అక్క ఒక క్షణం ఆగింది. కూర గిన్నె వైపు చూసి, ముదీర్ వైపు చూసి, నా వైపు చూసి నవ్వింది. తల వంచి సరే అంది.

ఆ నవ్వు నాకు తెలుసు. రెండేళ్లు ఆమె పక్కన నిలబడి ఉల్లిగడ్డలు తరిగినవాణ్ని. ఆ నవ్వు వెనక ఒక మాట ఆగి ఉందని తెలుసు. పైన పద్దెనిమిదిమంది ఆకలితో ఎదురుచూస్తున్నారు, యల్లా, త్వరగా కానీ అంటున్నాడు ముదీర్. నేను మెట్లెక్కాను.

పావుగంట

పళ్లేలు వచ్చాయి. చెంచా ఎలా, ఫోర్కు ఎలా అని చూపించాను. అందరూ నవ్వుతూ నేర్చుకున్నారు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల పళ్లెంలో మొదటి ముక్క పెడతారు, అది థాయ్‌లాండ్‌లో ఆశీర్వాదం లాంటిది, వద్దనకూడదు అని చెప్పాను. ఆ పాఠం ప్రతిసారీ బాగా పండుతుంది. కుటుంబాలన్నీ ఒకరికొకరు పెట్టుకుని ఫోటోలు తీసుకుంటాయి.

ఆపా ముఖం వెలిగిపోయింది. ఇదేదో మన పద్ధతిలాగే ఉందే అంటూ పచ్చ రంగు కోడికూర చెంచా నిండా తీసి, ఒక చేత్తో కొంగు పట్టుకుని, రేష్మా పళ్లెంలో పెట్టింది. తిను తల్లీ అంది.

రేష్మా కూర వైపు చూసింది. కోడి ముక్కలు, చిన్న వంకాయలు, కొబ్బరిపాలు, తులసి లాంటి ఆకు. రొయ్య ఎక్కడా లేదు. భర్త వైపు చూస్తే అతను అక్కను ఫోటో తీస్తున్నాడు. అప్పుడు నా వైపు చూసింది. నేను వంటగదిలో చెప్పి వచ్చిన మనిషిని. ధైర్యంగా తల ఊపాను.

మూడు చెంచాలు తిన్నది. నేను గుడి మర్యాదల దగ్గరికి వచ్చాను. మాట్లాడుతూనే ఆమె మెడ గీరుకోవడం చూశాను, నీళ్లు తాగడం చూశాను. మళ్లీ మెడ గీరుకుంది. కొత్త కూర, కారం తగిలిందేమో అనుకున్నాను. కాసేపటికి ఆపా చెవిలో ఏదో చెప్పి, నవ్వు ముఖంతోనే లేచి బాత్రూమ్ వైపు వెళ్లింది. నేను మాట్లాడటం ఆపలేదు. విగ్రహం ముందు ఎలా కూర్చోవాలో కింద కూర్చుని మరీ చూపించాను.

లెక్ అక్క కూర ఎలా ఉందో అడగడానికి పైకి వచ్చింది. రేష్మా కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. లేచి లెక్ అక్క దగ్గరికి వెళ్లి, ఆ కూరలో రొయ్య ఏమైనా ఉందా అని అడిగాను. తల వంచుకుంది. రొయ్యలు వేయలేదు, కానీ కూర కోసం నూరే ముద్దలో రొయ్యల పేస్టు ఉంటుంది, పొద్దున్నే నూరిన ఆ ముద్దే అందరికీ వేశానంది. మనవాళ్లు చాలామంది చేప వద్దంటారు, చేప సాసు వేస్తే లొట్టలేసుకుని తింటారు. ఇదీ అలాంటిదే అనుకుంది. చెబుదామనుకుంది, కానీ నా యజమాని ముందు నా మాట కాదంటే నాకు చిన్నతనం అవుతుందని ఊరుకుంది.

ఆమెకు గొంతు మూసుకుపోతుందక్కా అన్నాను.

లెక్ అక్క గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను. వాళ్ల భాషలో ఏదో అరుస్తూ బాత్రూమ్ వైపు పరుగెత్తింది. లోపల గడియ వేసి ఉంది. పిలిస్తే పలకలేదు. ఆపా వెనకాలే వచ్చి, కొత్త పిల్ల, సిగ్గు, అంతమంది తలుపు కొడితే ఎట్లా అంటోంది. ఆ మాట నాకు ఈ రోజుకీ వినిపిస్తుంది. లెక్ అక్క వంటగది కత్తి తెచ్చి తలుపు సందులో పెట్టి గడియ ఎత్తింది.

రేష్మా గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. పెదాలు వాచాయి, కళ్లు సగం మూసుకుపోయాయి. ఊపిరి తీసుకుంటుంటే ఈల లాంటి చప్పుడు వస్తోంది. చున్నీని నోట్లో కుక్కుకుంది, ఆ చప్పుడు బయటికి వినపడకుండా. అది చూశాక నేను మనిషిలా లేను. అంబులెన్స్‌కు ఫోన్ చేశాను, రెండుసార్లు తప్పు నొక్కాను.

ముదీర్ నన్ను పక్కకు లాగాడు. “రాజన్నా, ఎండకి కళ్లు తిరిగాయని చెప్పు. హోటల్ పేరు, మన పేరు రెండూ పోతాయి.” చలికాలంలో ఎండ అంటున్నాడు. భయంతో ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియదు.

అంబులెన్స్ మనిషి మెట్లెక్కి వచ్చాడు. వస్తూనే హిందీలో అడిగాడు, ఏం తిన్నది, దేనికి పడదు అని. ఎవరూ మాట్లాడలేదు. బాషా భార్య తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, అతని కళ్లు మాత్రం ఆపా మీద ఉన్నాయి. పెదాలు కదిలాయి, మాట రాలేదు. లెక్ అక్క నన్ను చూస్తోంది, నేను చెబితే తప్ప తాను చెప్పకూడదన్నట్టు. ముదీర్ నా భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. అంతమందిమి ఉన్నాం, అందరికీ ఎవరో ఒకరి మొహం అడ్డొచ్చింది. అంబులెన్స్ మనిషి మళ్లీ అడిగాడు, ఈసారి అరిచాడు.

“రొయ్యలు,” అన్నాను. “చిన్నప్పటినుంచీ పడవు. ఇంతకుముందు కూడా ఇట్లనే అయింది. కూరల రొయ్యల పేస్టు ఉంది. నేను తల ఊపితెనే తిన్నది.”

అతను అప్పటికే సూది చేతిలోకి తీసుకున్నాడు. బట్ట మీదినుంచే తొడలో గుచ్చాడు. అందరం ఆమె ఛాతీ వైపే చూస్తూ నిలబడ్డాం. కొంతసేపటికి ఆ ఈల చప్పుడు కాస్త తగ్గింది. అంబులెన్స్ మనిషి మా వైపు తిరిగి, ముందే ఎందుకు చెప్పలేదని ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా అడిగాడు.

ఆసుపత్రి వరండాలో

సాయంత్రానికి ప్రమాదం లేదన్నారు, రాత్రికి ఉంచుకుని పొద్దున పంపిస్తామన్నారు. ఆపా వరండాలో కుర్చీలో ఒక్కతే కూర్చుని ఉంది. నేను వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. దాచినందుకు మరదలి మీద కోపం వచ్చిందేమో అనుకుని, ఆ పిల్ల తప్పేం లేదమ్మా, మీకు ఎక్కడ బాధ కలుగుతుందోనని అని ఏదో మొదలుపెట్టాను.

ఆమె తన కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని దానివైపే చూస్తోంది. “నాకొక్క మాట చెప్పుంటే,” అంది, “ఆ చెంచా నేను పెట్టుండేదాన్నా అన్నా?”

నాకు సిగ్గేసింది. ఆమెకు కష్టం కలగకూడదని మేమంతా దాచాం. దాచి దాచి, ఆ కష్టాన్ని ఆమె చేత్తోనే పెట్టించాం.

హోటల్ యజమాని లెక్ అక్కను పంపించేస్తానన్నాడు. ఎందుకు వద్దో ఆమెకు నేను చెప్పలేదని, తప్పు నాదని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ముదీర్ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు నుంచి మా ఫారంలో తిండి గురించి ఉన్న గడి పెద్దదైంది. పెద్ద గడి వల్ల ఒరిగిందేమీ లేదు, మనవాళ్లు అందులోనూ హలాల్ అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు.

అడిగే తీరు

ఆ తర్వాత ఒకరోజు లెక్ అక్క నన్ను అడిగింది, ఏ తిండి పడదో మీ భాషలో మొహమాటం లేకుండా ఎలా అడుగుతారని. ఆలోచించి మా ఊరి మాట ఒకటి నేర్పాను. వారం రోజులు ఉల్లిగడ్డలు తరుగుతూ సాధన చేసింది.

మీరు వెళ్లి చూడండి, ఇప్పటికీ అడుగుతుంది. భోజనానికి ముందు పైకి వస్తుంది, రెండు చేతులు జోడించి, నడుము వంచి అందరికీ నమస్కారం చేస్తుంది. ఒక్కొక్కరి ముందూ ఆగి, కూరలో ఏమేం ఉన్నాయో చెప్పి, ఎంతో మర్యాదగా అడుగుతుంది: “తింటే సస్తవా?” జనం పడీ పడీ నవ్వుతారు. నేను నవ్వేవాళ్లను చూడను, నవ్వనివాళ్ల కోసం చూస్తాను.

నా ఉద్యోగం చివరి నెలలో అబుదాబి పక్కనున్న బనియాస్ నుంచి ఒక గుంపు వచ్చింది, అందరూ ఒకే గదిలో ఉండే క్రేన్ ఆపరేటర్లు. వాళ్లలో భారీ మనిషి ఒకడు, సిరిసిల్ల వైపు. లెక్ అక్క అడిగితే పక్కవాళ్లంతా నవ్వారు, అతను నవ్వలేదు. నేల వైపు చూస్తూ “పల్లీలు” అన్నాడు. ఆరేళ్లుగా కలిసి ఉంటున్న గదివాళ్లకు ఆ సంగతి తెలియదు. వాళ్ల నవ్వులు ఆగిపోయాయి.

లెక్ అక్క కిందికి వెళ్లింది. పల్లీలు పడిన సాసు పారబోసింది. రోలు, రోకలి, పెనాలు వేడినీళ్లతో సబ్బు పెట్టి తోమింది. ముద్ద మళ్లీ మొదటినుంచి నూరడం మొదలుపెట్టింది. ఆ దంపుడు చప్పుడు పైకి వినిపిస్తోంది. ముదీర్ గడియారం చూసుకుని, మిగతావాళ్లకైనా వడ్డించేద్దాం, జనం విసుక్కుంటున్నారు అన్నాడు. నా సర్వీసులో ఆయన మాటకు ఎదురు చెప్పింది తక్కువ.

“ఆగుండ్రి సార్,” అన్నాను. “అందరం ఒక్కసారే తిందాం.”

నలభై నిమిషాలు ఆకలితో కూర్చున్నాం. కూర వచ్చాక సిరిసిల్ల ఆయన మొదటి చెంచా భయంగా నోట్లో పెట్టుకున్నాడు. అందరం అతన్నే చూశాం. తర్వాత అతను పళ్లెం ముందుకు జరిపి ఇంకొంచెం అన్నం అడిగాడు.